కూర్మమ్మ ఒట్టు

గజపతినగరం బజారులో నూనె, బెల్లం అమ్మే కొట్టు జగన్నాధానిది. కొట్టు తాతనాటిది, త్రాసు తండ్రినాటిది. అందులోకి జగన్నాధం సొంతంగా తెచ్చిపెట్టినదల్లా విసుగు ఒక్కటే. బెల్లం దిమ్మలు బద్దలు కొడుతూ, ‘ఇందుకేనా నేను పుట్టింది?’ అనుకునేవాడు. ఆ ప్రశ్న అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, భోజనం వేళకి పోతుంది. జగన్నాధానికి మాత్రం వచ్చింది పోలేదు.

ముప్ఫై రెండేళ్ళు నిండేలోగా అతను హార్మోనీ మొదలెట్టి మానేశాడు. హోమియోపతి పెట్టె తెప్పించి, బజారంతటికీ పంచదార గుళికలు పంచి మానేశాడు. తేనెటీగలు పెంచి, కుట్టించుకుని, మానేశాడు. మొదలెట్టిన వారంలో అతణ్ణి చూస్తే ముచ్చటేసేది. తిండి మీద ధ్యాస ఉండదు, కంటికి కునుకుండదు, కనబడినవాడినల్లా నిలబెట్టి, “దొరికిందిరా, నేను పుట్టింది దీనికోసమే” అంటాడు. రెండు మూడు నెలలు తిరిగేసరికి ఆ దొరికింది కాస్తా అటకెక్కుతుంది. బజారువాళ్ళు అతనికి తాటాకు మంట అని పేరు పెట్టుకున్నారు. పోనీ చెడ్డవాడా అంటే, కాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే అతని మాట ఎవరూ వినేవారు కారు.

భార్య భాగ్యవతి పార్వతీపురం పిల్ల. నవ్వకుండా నవ్వించే మాటలు ఆమెవి. “అటక నిండిపోతోందండీ. ఇంకొకటి దొరికేలోగా దూలం మార్పించండి” అనేది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు దొరికింది ఖద్దరు. దేశమంతా ఏదో ఒకటి చెయ్యాలని ఉడుకుతున్న రోజులవి. పొందూరు అవతల ఓ పల్లెలో నూలు వడికే ఆడవాళ్ళు ముప్ఫైమంది ఉన్నారనీ, వాళ్ళ దగ్గరుండి మంచీ చెడ్డా చూసే మనిషి కావాలనీ ఎవరో అనగా విన్నాడు. కొట్టు తమ్ముడికి అప్పగించి, పెట్టె సర్దుకుని రైలెక్కాడు. పొందూరులో వేలువిడిచిన మేనమామ ఇంట్లో మకాం, పొద్దున్నే పల్లెకి నడక.

మొదటి రోజే కూర్మమ్మను చూశాడు. యాభై ఏళ్ళ పట్టుసాలె మనిషి, భర్త లేడు, పిల్లలు లేరు. ఆ చుట్టుపట్ల ఆమెంత సన్ననూలు తీసేవాళ్ళు లేరని ప్రతీతి. ఆమె తీసిన పోగు కంటికి ఆనేది కాదు, చేతికి తగిలితేనే ఉందని తెలిసేది. అరుగు మీద కూర్చుని, ఎడమచేత గింజతో ఉన్న పత్తి పట్టుకుని, కుడిచేత పసుప్పచ్చటి చిన్న దువ్వెన లాంటి దానితో దువ్వుతోంది. జగన్నాధం ముచ్చటపడి దగ్గరికి వంగి చూశాడు. అది దువ్వెన కాదు. వాలుగ చేప దవడ.

పొందూరు చుట్టూ సన్ననూలు వడికేవాళ్ళు తరతరాలుగా పత్తిని అలాగే దువ్వుతారు. గింజకి గింజ చేతబట్టి, ఆ దవడ పళ్ళతో దువ్వితే చెత్త నిలవదు, పోగు తెగదు. అంత సన్నగా, అంత ఒత్తుగా పళ్ళున్న దువ్వెన మనిషి ఇంతవరకూ చెయ్యలేదు. ఇదంతా జగన్నాధానికి ఎవరో ఒకరు చెప్పే ఉండాలి. కాని అతను కోమటింటి బిడ్డ. చేపల బుట్ట ఎదురైతే వీధి మారే వంశం. ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఒక్క ముద్ద తినలేకపోయాడు.

సాయంత్రానికి ఆ వెగటు కాస్తా ఆశయం అయి కూర్చుంది. అహింస పేరు చెప్పి కట్టే బట్టలో చేప ఎముకా? దీన్ని మాన్పించాలి. చేప తగలని శుద్ధమైన నూలు తీయించాలి. ఇంతకాలం తను వెతుకుతున్నది ఇదే. గుండెలో ఆ పాత వేడి మళ్ళీ పుట్టింది. ఆ వేడి పుడితే జగన్నాధానికి ఇక ఎదుటిమనిషి కనబడడు.

కూర్మమ్మకు కూడా చెప్పాడు. ఆమె ఓపిగ్గా విని, “దీనికోసం మావేటీ సేపని సంపనేదు బాబూ. తిన్నోలు తినీసినారు. పారీసే పంటికి మావు పని సెప్పినాం, అంతే కదా” అంది.

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం అతనికి అలవాటు. అహింస గురించి, దేశం గురించి ముప్పావుగంట మాట్లాడాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అలా రెండు నెలలు చెప్పాడు. విజయనగరం వెళ్ళి కంచరి చేత సన్నపళ్ళ ఇత్తడి దువ్వెనలు ముప్ఫై చేయించి తెచ్చాడు. ఒక శనివారం కూర్మనాథస్వామి పటం ముందు దీపం వెలిగించి, ముప్ఫైమందినీ పిలిచి, ఇక చేప దవడ ముట్టమని దీపం మీద ఒట్టు వేయించాడు. దవడలన్నీ ఒక బుట్టలో వేయించాడు.

కూర్మమ్మ అందరికన్నా చివర వచ్చింది. గుడ్డపీలికలో చుట్టిన దవడని విప్పి, అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది.

“మా అత్త సేతిది బాబూ ఇది. ఎనకటి గోదారి వాలుగ. ఇంత పెద్ద సేప ఇప్పుడు మన ఏట్లో దొరకదు” అంది.

“దేశం కోసం, కూర్మమ్మా” అన్నాడు జగన్నాధం.

“సదువుకున్నోరు, మీరు సెప్తన్నారు కాబట్టి ఇత్తన్నాను. ఒట్టు కూడా ఏత్తన్నాను. మరి మీరు మాతోటి ఉంటారా?”

“నా ఊపిరున్నంత కాలం ఇక్కడే ఉంటాను.”

అబద్ధమాడలేదు. జగన్నాధం ఏ మాటైనా అన్న క్షణంలో నిజమే. కూర్మమ్మ దవడ బుట్టలో పెట్టింది, దీపం మీద చెయ్యి వేసింది. మర్నాడు అతను ఆ బుట్ట పట్టుకెళ్ళి నాగావళిలో కలిపేసి, ఒడ్డున నిలబడి చేతులు జోడించి దణ్ణం కూడా పెట్టాడు.

ఇత్తడి దువ్వెన పత్తిని దువ్వలేదు, చీల్చింది. పోగు దొడ్డుగా వచ్చింది, మధ్యమధ్య ముళ్ళు. నేతగాడు అసిరయ్య మగ్గం మీంచి లేచి వచ్చి, “సావుకారి బాబూ, నాడె రెండుసార్లు అటూ ఇటూ తిరిగితే పోగు నాలుగుసార్లు తెగతన్నాది. ఇదేటి నూలు?” అన్నాడు. అలవాటైతే అదే వస్తుందన్నాడు జగన్నాధం. నూలు తీసుకునేచోట కూర్మమ్మ చిలపల్ని, ఆమె చుట్టి తెచ్చిన నూలు చుట్టల్ని, నాసిగా ఉన్నాయని పక్కన పెట్టారు. అలా పక్కన పెట్టడం ఆమె బతుకులో అదే మొదటిసారి. ఆమె వాటిని మూట కట్టుకుని ఇంటికొచ్చింది. ఇత్తడి దువ్వెనని కొబ్బరిపీచుతో తోమి మళ్ళీ దువ్వడం మొదలెట్టింది.

అదే సమయానికి జగన్నాధానికి గుండెలో వేడి తగ్గింది. ఎందుకు తగ్గిందో అతనికే తెలియదు. పొద్దున్న లేవగానే పల్లెకి నడవాలంటే కాళ్ళు బరువెక్కేవి. శ్రావణం వర్షాల్లో ఒకనాడు, “ఇంకా సన్నపళ్ళ దువ్వెనలు చేయించి తెస్తాను, పది రోజుల్లో వస్తాను” అని చెప్పి రైలెక్కాడు. విజయనగరంలో ఎవరో హిందీ తరగతి పెడుతున్నారని తెలిసింది. అతను పుట్టింది దానికోసమేనని ఆ వారంలోనే తేలింది.

దేశానికి స్వరాజ్యం వచ్చింది. హిందీ పుస్తకాలు అటకెక్కాయి. ఆ మరుసటి ఏడు వేసవి చివర్లో గజపతినగరం సంతకి పంచెలు అమ్ముకోవడానికి అసిరయ్య వచ్చాడు. మజ్జిగ తాగడానికి నీడ వెతుక్కుంటూ కొట్టు దగ్గరికొచ్చి, లోపల జగన్నాధాన్ని చూసి ఆగిపోయాడు.

“బాబూ, బాగున్నారా?”

జగన్నాధానికి మొహం తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేక బల్ల చూపించి కూర్చోమన్నాడు. మజ్జిగ తెప్పించాడు. పల్లెలో అందరూ బాగున్నారా అని అడిగాడు.

“బాగే ఉన్నారు బాబూ. మీరెల్లిపోనాక నెల్లాళ్ళకే అంతా మామూలైపోనారు. కొందరు పెద్ద దవడ దాసుకుని సిన్నది బుట్టలో ఏసినారంట. నానడిగితే, మావు దవడ ముట్టుకోనేదు, ఇత్తడిదే అంటారు. నూలు సూత్తే మాత్రం ఎంటికలా ఉంటాది.” అసిరయ్య నవ్వాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. జగన్నాధం కూడా నవ్వాడు. పోనీలే, తను చేసిన చెడు నెల్లాళ్ళలో పోయింది కదా అని ప్రాణం కుదుటపడింది.

“మరి కూర్మమ్మ?” అన్నాడు తేలిగ్గా.

అసిరయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. “ఆవిడే కదా బాబూ. ఆవిడ మాత్రం దవడ ముట్టనేదు. అందరూ ఒట్టు తీసి గట్టున ఎట్టీసినారు, నువ్వూ ఎట్టీ పిన్నీ అన్నాను. ఒట్టు ఏయించినోరే తియ్యాల, బాబు ఒత్తానన్నాడు, ఒచ్చి తీత్తాడు అంటాది. ఆ ఇత్తడి దాన్తో తీసిన నూలు ఎవులు తీసుకుంతారు? రెండేళ్ళయి కూలికెల్తన్నాది. ఊడుపులకి, దంపుడుకి. ఈ వయసులోన.”

అతను నిందించలేదు. ఉన్నది చెప్పి, పంచెల మూట ఎత్తుకుని, సంతలోకి వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టి పోయుంటే జగన్నాధానికి అంత బాధ ఉండేది కాదు. ఆ పూటంతా అతను ఎవరికి ఏం తూచి ఇచ్చాడో అతనికే తెలియదు. ముప్ఫైమందికి ముప్ఫైమందీ తన మాటని గాలికొదిలేశారంటే ఓర్చుకోగలడు. ఒక్క మనిషి దాన్ని పట్టుకుని రెండేళ్ళు ఊడుపుల బురదలో నిలబడింది. ఆ మాట అన్నవాడికి మాత్రం అది గుర్తు కూడా లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి భాగ్యవతికి అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ లేచి, కాలు కాలిన పిల్లిలా గదిలో తిరగడం మొదలెట్టాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. రేపే వెళ్ళిపోతానన్నాడు. అక్కడే పాక వేసుకుంటానన్నాడు. వడికేవాళ్ళ కోసం ఒక ఆశ్రమం పెట్టి, దానికి కూర్మమ్మ పేరే పెడతానన్నాడు. తన బతుకంతా ఈ పాపానికి ప్రాయశ్చిత్తమే అన్నాడు. ఇన్నాళ్ళకి తను దేనికోసం పుట్టాడో తెలిసిందన్నాడు.

భాగ్యవతి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టి అతని మొహంలోకి చూసింది.

“ఏవండీ, ఒక మాటంటే కోపం తెచ్చుకోరు కదా?”

“చెప్పు.”

“హార్మోనీ కొన్ననాడు మీ మొహం ఎలా వెలిగిందో ఇప్పుడూ అలాగే వెలుగుతోంది. తప్పు చేసినవాడి మొహం అలా వెలగకూడదండీ.”

జగన్నాధం నిలబడిపోయాడు. ఆ మాట అతని గుండెలో ఉన్న వేడి మీద నీళ్ళు చల్లినట్టు పడింది. మంచం మీద కూలబడ్డాడు. నిజమే. ఆవిడ కష్టం చూసి ఏడుస్తున్నాడా, తనకు మళ్ళీ ఓ పని దొరికిందని మురుస్తున్నాడా? రెంటినీ విడదీసి చూడబోతే రెండోదే ఎక్కువ కనబడింది. తనంటే తనకి అసహ్యం వేసింది.

ఎనిమిది రోజులు కదల్లేదు. వేడి పోయాక పని ఎలా మొదలెట్టాలో అతనికి తెలియదు. ఎప్పుడూ అలా మొదలెట్టి ఎరగడు. తొమ్మిదోనాడు పొద్దున్న పెట్టె సర్దుకున్నాడు. ఉత్సాహం లేదు, భయం మాత్రం ఉంది.

“కొట్టు మీ తమ్ముడూ నేనూ చూసుకుంటాం. మీరుండగా మాత్రం ఎవరు చూశారు గనక” అంది భాగ్యవతి. గడప దాటబోతుంటే నెమ్మదిగా, “అక్కడ ఉపన్యాసం చెప్పకండి” అని కూడా అంది.

పొందూరులో దిగి, పల్లెకి వెళ్ళకుండా ముందు చేపల సంతకి వెళ్ళాడు. జీవితంలో మొదటిసారి ఆ వీధిలో కాలుపెట్టాడు. చేపలమ్మే దాలమ్మ అతని పంచె, జంధ్యం, నుదుటి బొట్టు చూసి, “దారి తప్పినారేటి బాబూ?” అంది. వాలుగ తల కావాలన్నాడు, పెద్దది. అంత పెద్దది లేదంది. రెండు సంతలు తిరిగాక ఓ మోస్తరుది దొరికింది. బాదమాకులో చుట్టిచ్చి, దవడ ఎలా తీయాలో, ఎలా ఉడికించి ఆరబెట్టాలో దాలమ్మే చెప్పింది. మేనమామ ఇంటికి తీసుకెళ్తే గడప ఎక్కనివ్వరని చెరువుగట్టున మూడు రాళ్ళు పేర్చి తనే ఉడికించాడు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. చేతుల వాసన మూడు రోజులు పోలేదు. ఇంత చేశాను కదా అని మనసు ఒక మూల నుంచి తనని మెచ్చుకోబోతుంటే, నోరుమూసుకోమన్నాడు.

అతను వెళ్ళేసరికి కూర్మమ్మ ఊడుపుల నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. చిక్కిపోయింది. అతణ్ణి చూసి ఆశ్చర్యపోలేదు. పది రోజులన్న మనిషి పదకొండో రోజున వచ్చినట్టు, “ఒచ్చినారా బాబూ” అని చాప వేసింది.

జగన్నాధం కూర్చోలేదు. “నేను చెప్పింది తప్పు, కూర్మమ్మా. నాకు తెలియని పని గురించి నీకు చెప్పాను. మాటిచ్చి వెళ్ళిపోయాను. ఆ ఒట్టు నేనే వేయించాను, నేనే తీస్తున్నాను. తీసి గట్టున పెట్టు” అని, దవడ ఆమె ముందు పెట్టాడు.

కూర్మమ్మ దాన్ని తీసుకుని, పళ్ళ మీద బొటనవేలు పోనిచ్చి చూసింది. “సిన్నదే. పరవానేదు” అంది. ఉట్టి మీంచి పత్తి దింపింది. నాలుగు గింజలు దువ్వింది, ఇనపకడ్డీతో గింజ తీసింది, ఏకు చేసింది, రాట్నం ముందుకు లాక్కుని కూర్చుంది. పోగు జానెడు వచ్చి తెగింది. అతికి మళ్ళీ లాగింది. తెగింది. నాలుగోసారి తెగినప్పుడు రాట్నం ఆపి, వేలికొసలు దీపం దగ్గర పెట్టుకుని చూసుకుంది. రెండేళ్ళు నారు పట్టి, రోకలి పట్టి ఆ వేళ్ళు గరుకెక్కిపోయాయి. పోగు ఆ గరుకుని పట్టుకుని తెగుతోంది.

“ఏళ్ళు మొద్దుబారిపోనాయి బాబూ” అంది, మామూలుగా.

జగన్నాధం ఆమె ముందు చతికిలబడ్డాడు. “నన్ను తిట్టు, కూర్మమ్మా. నోటికొచ్చినట్టు తిట్టు” అన్నాడు.

“తిడితే మీకు బాగుంతాది. మనసు తేలికైపోతాది, బేగి ఎల్లిపోతారు. నాకేటొత్తాది?”

కూర్మమ్మ తెగిన పోగుని వేలికి చుట్టుకుంది.

“పొలం మానీసి, నూని రాసుకుని, రోజూ కాసింత వడికితే మూడు నెల్లకి ఏళ్ళు మెత్తబడతాయి. మెత్తబడతాయో నేదో కూడా తెల్దు. కూలి మానీసి కూకుంటే తిండికెలాగ? దువ్వీవోలు ఇంకొకలుంటే నా పని రెండింతలవుతాది. దొడ్డు నూలైనా ముళ్ళు నేకపోతే తీసుకుంతారు, నాలుగు చిలపలు ఎక్కువొత్తాయి, కడుపు నిండతాది. మీకు సేతనైతే దువ్వండి. సేతకాపోతే ఇప్పుడే సెప్పీండి.”

ఇదివరకైతే ‘ఊపిరున్నంత కాలం’ అనేవాడు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, “పొద్దున్న ఎన్నింటికి రమ్మంటావు?” అన్నాడు.

ఆ మర్నాటి నుంచి దువ్వాడు. మొదటి రోజు దువ్విందంతా ఆమె పక్కన పడేసింది. రెండోనాడు సగం పడేసింది. గింజకి గింజ, గింజకి గింజ. అందులో దేశం లేదు, ఆశయం లేదు, వినేవాళ్ళు లేరు. చేపపళ్ళు గుచ్చుకుని వేళ్ళు సలిపేవి. మధ్యాహ్నం అయ్యేసరికి నడుము పట్టేసేది. గుండెలో ఏ వేడీ పుట్టలేదు. వేడి లేకుండా మనిషి పని చెయ్యగలడని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. కూర్మమ్మ నలభై ఏళ్ళుగా అలాగే చేసిందని, ఎందుకు పుట్టానని ఒక్కసారైనా అడక్కుండా చేసిందని దువ్వుతూ దువ్వుతూ తెలిసింది. తెలిసి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే విసుక్కున్నాడు కూడా.

ఇరవై మూడోనాడు ఆ పాత జబ్బు తిరగబెట్టింది. మధ్యాహ్నం వేళ, చినుకులు పడుతున్నాయి. చేతిలో గింజ చూస్తే వెర్రికోపం వచ్చింది. ఈ ఊళ్ళో బడి లేదు కదా, బడి పెడితే ఎంతమంది బాగుపడతారు, ఈ గింజలు ఏరుకుంటూ కూర్చుంటే ఎవరికేం ఒరుగుతుంది అని మనసు చెప్పడం మొదలెట్టింది. గుండెలో సన్నగా వేడి పుట్టింది. దవడ కింద పెట్టి లేచాడు. ఎక్కడికి లేచాడో తెలియదు, కాళ్ళు మాత్రం గుమ్మం వైపు నడిచాయి.

గుమ్మం దగ్గర కూర్మమ్మ రాట్నం దారికడ్డంగా ఉంది. ఆమె తలెత్తలేదు. ఎక్కడికని అడగలేదు. పోగు తెగకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో రాట్నాన్ని గోడవైపు జరిపింది, అతను వెళ్ళడానికి వీలుగా.

జగన్నాధం గుమ్మంలో ఆగిపోయాడు. ఇది ఇవాళ జరిపిన చెయ్యి కాదు. మొదటిరోజు నుంచీ ఆమె ఇందుకు సిద్ధంగానే ఉంది. తను ఉంటాడని ఒక్క పూట కూడా అనుకోలేదు, వెళ్ళేటప్పుడు తనకు దారి ఇబ్బంది కాకూడదని మాత్రం అనుకుంది. అతని కంట్లో నీళ్ళు తిరిగాయి. ఈసారి వాటిని ఎవరికీ చూపించాలనిపించలేదు. వాననీళ్ళతో మొహం కడుక్కుని, లోపలికొచ్చి, తన చోట కూర్చుని గింజ చేతిలోకి తీసుకున్నాడు.

సాయంత్రం దాకా దువ్వాడు. కూర్మమ్మ మాత్రం రాట్నాన్ని మళ్ళీ ముందుకు జరుపుకోలేదు.